పండగ పిండీ, ఒత్తే చెయ్యీ

డిసెంబరు రెండో వారం మొదలుకొని జనవరిలో కనుమ వెళ్ళేదాకా మా నగరం మండలంలో జంతికల గొట్టానికి తీరికుండదు. ముందు క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరం, ఆపైన భోగి, సంక్రాంతి. రేపల్లె, చెరుకుపల్లి, నిజాంపట్నం, బాపట్ల, తెనాలి ఎటు వెళ్ళినా ఈ రోజుల్లో పిండి మర దగ్గర వరసగా డబ్బాలు, సామాన్ల కొట్లో కొత్త గొట్టం కోసం బేరాలు కనబడతాయి. కొన్నేళ్ళుగా ఆ బేరాల్లోకి ఇంకో వస్తువు చేరింది: కుకీ ప్రెస్. మీట ఒకసారి నొక్కితే రేకు మీద ఒక పువ్వో, క్రిస్మస్ చెట్టో అచ్చుపడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెస్తున్నారు, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకుంటున్నారు. దాంతో జంతికలు ఒత్తుకోవచ్చా, మన గొట్టంతో ఆ కుకీలు వస్తాయా, రెండిట్లో ఏది కొనాలి అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఈ విషయం మీద చెప్పేవాళ్ళకు కొదవలేదు. వంటల పుస్తకాలు, వారపత్రికల పండగ సంచికలు, టీవీ వంటల కార్యక్రమాలు, యూట్యూబు వీడియోలు, అన్నింటికీ మించి పెద్దవాళ్ళు. ఎవరిని అడిగినా కొలతలే చెబుతారు. బియ్యప్పిండి మూడు పాళ్ళకు శనగపిండి ఒక పాలని ఒకరంటే, నాలుగు పాళ్ళకు వేయించిన మినప్పిండి ఒక పాలని ఇంకొకరంటారు. నూనె కాచి పోయాలంటారు, వెన్న నలపాలంటారు. ఆ మాటలన్నీ నిజమే. వాటిలో రానిది ఒక్కటే, ఒత్తే మనిషి. గొట్టం ఎంత లావుంది, పొయ్యి ఎంత ఎత్తున ఉంది, ఒత్తే చేతికి ఎన్నేళ్ళు, పక్కన ఇంకో చెయ్యి ఉందా లేదా అన్నవి ఎవరూ ప్రస్తావించరు. కుకీ ప్రెస్సా, జంతికల గొట్టమా అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మాత్రం అక్కడే. అయితే అక్కడికి వెళ్ళేముందు పిండి సంగతి తేల్చుకోవాలి. పిండి కుదరకపోతే ఏ గొట్టమూ ఆదుకోదు.

బియ్యం విషయంలో మా ప్రాంతానికి చెప్పుకోదగిన వాటా ఉంది. దేశమంతా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో పుట్టింది. 1986లో విడుదలైంది. ఆ పేరులోని మూడక్షరాలు బాపట్లవే. సన్నబియ్యం అన్నానికి దాచుకుని రేషన్ బియ్యం పిండికి వాడే ఇళ్ళు బోలెడున్నాయి. రెండూ పనికొస్తాయి. చూసుకోవలసిందల్లా జిగట తక్కువగా ఉందా లేదా అన్నదే. బియ్యంలోని గంజి పదార్థంలో అమైలోజ్ పాలు ఎక్కువుంటే వేగాక పెళుసుగా నిలుస్తుంది. జిగట బియ్యమైతే గొట్టంలోంచి సాగుతూ దిగి, నూనె పీల్చి, మర్నాటికి మెత్తబడుతుంది. ఇక మినుములకు కృష్ణా డెల్టాలో వెతుక్కునే పనే లేదు. వరి కోతకు ముందు చేలో పదునుండగా చల్లే మాగాణి మినుము ఇక్కడి రైతుకు రెండో పంట. ఆ మినప్పప్పును దోరగా వేయించి పట్టించిన పిండి చక్రాలకు వేరే కమ్మదనాన్ని ఇస్తుంది.

మర దగ్గర జరిగే చిన్న విషయమొకటి జంతికల తలరాతను మారుస్తుంది. మనకు ముందు ఎవరు ఏం పట్టించుకున్నారో కనుక్కోవాలి. గోధుమలు పట్టిన రాళ్ళ మీద మన బియ్యం పోస్తే మొదటి గిద్దెడు పిండిలో గోధుమపిండి కలుస్తుంది, కారం పట్టిన మరైతే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే అనుభవమున్నవాళ్ళు బియ్యం పట్టించుకున్నవాళ్ళ వెనకే నిలబడతారు. రాళ్ళు వేడెక్కి పట్టిన పొడి పిండిలో గంజి రేణువులు ఎక్కువగా చితుకుతాయి. అలాంటి పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. కడిగి నీడన ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే పట్టించిన పిండి మెత్తగా దిగుతుంది, నీళ్ళు తక్కువ అడుగుతుంది. ప్యాకెట్ పిండితో చేసినప్పుడు అవే కొలతలకు జంతికలు గట్టిపడ్డాయని వాపోయేవాళ్ళకు కారణం ఇదే. నీళ్ళ కొలతను పుస్తకం చెప్పలేదు, పిండే చెప్పాలి.

వెన్న గానీ కాగిన నూనె గానీ పిండిలో కలిపేది గుల్లదనం కోసం. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పట్టుకుని వాటిని ఒకదానికొకటి గట్టిగా అతుక్కోనివ్వదు. అది తక్కువైతే జంతిక రాయవుతుంది, ఎక్కువైతే నూనెలో వేయగానే విడిపోతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే పొడిగా రాలేంత కొవ్వు చాలు. వామును నలిపి వేయాలి, నువ్వులు లావు బిళ్ళకే వేయాలి. సన్న కారప్పూస బిళ్ళ పెట్టి నువ్వులు కలిపిన పిండి నింపితే సగం రంధ్రాలు మూసుకుపోతాయి. మిగిలిన సగంలోంచి దాన్ని దించాలంటే భుజం ఊడిపోతుంది. కారప్పూసకు వాము నీళ్ళను వడకట్టి పోసేది అందుకే.

ఇక గొట్టం. మా వైపు ఇళ్ళలో వాడేవి మూడు రకాలు. మొదటిది రెండు ముక్కల గొట్టం: కింది గిన్నెకు రెండు పిడులు, పైనుంచి దిగే కడ్డీకి రెండు పిడులు. నాలుగింటినీ రెండు అరచేతుల మధ్య పట్టి దగ్గరకు నొక్కాలి. చెక్కది, ఇత్తడిది, స్టీలుది, అల్యూమినియంది అన్నీ ఈ జాతివే. రెండోది మరతిప్పుడు గొట్టం. పైన చేతితో తిప్పే పిడి, దానికింద మర ఉన్న కడ్డీ, బిళ్ళ మీద బిళ్ళలా దిగే మూత. మూడోది కొత్తగా వచ్చిన మీట గన్ను. కుకీ ప్రెస్ కూడా దాదాపు ఇదే, కాకపోతే దాని బిళ్ళలు వేరు.

మొదటి రకంలో వెడల్పు విషయం ఎవరూ పట్టించుకోరు. కొట్లో పెద్ద గొట్టం చూస్తే ఎక్కువ పిండి పడుతుందని ముచ్చటపడి కొనేస్తాం. లెక్క వేసి చూద్దాం. లోపలి వెడల్పు రెండంగుళాలున్న గొట్టంలో పిండి మీద ఆనే వైశాల్యం సుమారు 3.1 చదరపు అంగుళాలు. రెండున్నర అంగుళాలదైతే 4.9. వెడల్పు పెరిగింది అర అంగుళమే అయినా, లోపల అదే ఒత్తిడి రావాలంటే చేతులు పెట్టవలసిన బలం ఒకటిన్నర రెట్లకు పైబడింది. ఎత్తు సమానంగా అయిదంగుళాలనుకుంటే, పెద్దదాంట్లో సుమారు 400 మిల్లీలీటర్ల పిండి పడుతుంది, చిన్నదాంట్లో 250. చిన్నదాన్ని మరికొన్నిసార్లు నింపాలి, అంతే. మణికట్టు నొప్పి ఉన్న మనిషికి ఎన్నిసార్లు నింపామన్నది లెక్క కాదు, ఒక్కోసారి ఎంత నొక్కామన్నదే లెక్క. బిళ్ళ రంధ్రం విషయమూ అంతే. రంధ్రం సగానికి సన్నబడితే శ్రమ రెట్టింపుతో ఆగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకే పిండిని నక్షత్రం బిళ్ళతో చిన్నపిల్ల కూడా దించగలిగి, కారప్పూస బిళ్ళతో ఇంట్లో మగవాణ్ణి పిలవవలసి రావడానికి కారణం ఇది.

అన్నిటికంటే పెద్ద మార్పు గొట్టంలో రాలేదు, వంటింట్లో వచ్చింది. వెనక పొయ్యి నేల మీద ఉండేది. పీట మీద కూర్చునో, మోకాళ్ళ మీద వంగో ఒత్తేవాళ్ళు. గొట్టం నడుము ఎత్తుకు కిందనే ఉండేది కాబట్టి భుజాల బరువు, ఒంటి బరువు పైనుంచి సూటిగా దిగేవి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గట్టు ఉంది. గట్టు ఎత్తు 33 అంగుళాలనుకోండి. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద మూకుడు కలిపి ఇంకో ఎనిమిది. మూకుడు అంచు తగలకుండా, ఆవిరి కొట్టకుండా గొట్టాన్ని పట్టుకోవాలంటే మరో మూడంగుళాలు. అక్కడి నుంచి గొట్టం పొడవు, పైకి లాగిన కడ్డీ పొడవు కలిపితే పై పిడి నేల నుంచి 54, 56 అంగుళాల ఎత్తులో ఉంటుంది. అయిదడుగుల మనిషికి భుజం ఉండేది 49 అంగుళాల దగ్గర. అంటే ఒత్తడం మొదలుపెట్టేసరికి చేతులు భుజాల కంటే పైన ఉంటాయి. ఒంట్లో ఉన్న బలం ఒక్క పిసరు కూడా సాయానికి రాదు, మోచేతులు, మణికట్లే మొత్తం మొయ్యాలి. కింద సలసల కాగే నూనె. జంతికలు చేశాక రెండు రోజులు చేతులు పైకి లేవలేదని ఆడవాళ్ళు చెప్పే మాటకు మూలం ఇక్కడుంది. దాన్ని వయసు మీదికి నెట్టేస్తున్నాం. నా మటుకు నేను గట్టును తప్పుపడతాను.

దీనికి మందు సులువైనదే. మూకుడు మీద ఒత్తడం మానేయాలి. నూనె రాసిన జల్లిగరిటె మీదో, అరటాకు ముక్క మీదో, పాలిథిన్ కాగితం మీదో చక్రాలు చుట్టుకుని మెల్లగా నూనెలోకి జార్చాలి. ఒత్తే చోటు మాత్రం గట్టు కాకూడదు. మోకాలి ఎత్తు బల్ల గానీ, తిరగేసిన గట్టి పెట్టె గానీ ఉంటే చాలు, దాని ముందు నిలబడి వంగితే భుజాల బరువు మళ్ళీ గొట్టం మీదికి దిగుతుంది. పిల్లల చదువుకునే బల్ల అయినా పనికొస్తుంది. చెయ్యి కాలే ప్రమాదమూ తప్పుతుంది. చక్రం గుండ్రంగా, వరస తప్పకుండా రావడం అదనపు లాభం. మూకుడు మీదే ఒత్తాలన్న పట్టుదల ఇంకా కొందరిలో ఉంది, ఆ ఊపు, ఆ వేగం వేరంటారు. పొయ్యి నేల మీద ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజం.

జంతిక పేలడం గురించి ఇక్కడే చెప్పాలి. గొట్టం నింపేటప్పుడు పిండి ముద్దల మధ్య గాలి చిక్కుకుంటే ఒత్తే తీగలో అక్కడక్కడ బొబ్బ మిగులుతుంది. పైభాగం గట్టిగా వేగి మూసుకుపోయాక లోపలి నీరు ఆవిరవుతుంది. ఆవిరైన నీరు 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది, దారి లేకపోతే పేలుతుంది. ముళ్ళ ముళ్ళగా ఒత్తే నక్షత్రం బిళ్ళ అందానికి మాత్రమే పుట్టలేదు. ఆ గాడుల వల్ల మధ్యభాగం పలచబడి ఆవిరికి దారి దొరుకుతుంది. లావుగా, నున్నగా ఉండే గుండ్రటి బిళ్ళే భయపెట్టేది. పిండిని జల్లించడం, ముద్దను గొట్టం సైజుకు కోలగా చేసి ఒకే ముక్కగా దించడం, మొదటి అంగుళం తీగను గిన్నెలోకి వదిలేయడం, ఈ మూడూ చేస్తే పేలుళ్ళు దాదాపు ఉండవు. నూనె వేడి 170, 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేని ఇంట్లో గోరంత పిండి వేస్తే అడుగు తాకి వెంటనే పైకి రావడమే గుర్తు. వాయి దింపే వేళను రంగు చూసి నిర్ణయించేవాళ్ళు పొరబడతారు. నురగ అణిగిందా, చప్పుడు తగ్గిందా అన్నది చూడాలి. నురగ అంటే బయటికొస్తున్న నీరే. అది ఆగిందంటే జంతిక లోపల పొడిబారింది.

ఇప్పుడు కుకీ ప్రెస్ దగ్గరికి వద్దాం. దీని సొంతూరు మధ్య, ఉత్తర ఐరోపా. జర్మనీలోనూ స్వీడన్, నార్వేల్లోనూ క్రిస్మస్ ముందు వెన్న పిండిని గొట్టంలోంచి ఒత్తి కాల్చే స్ప్రిట్జ్ బిస్కెట్లు ఇంటింటి అలవాటు. జర్మనీలో చాలా ఇళ్ళలో దానికి ప్రత్యేకంగా గొట్టం కూడా ఉండదు. కైమా కొట్టే చేతి మర మూతికి గాడులున్న పట్టీ బిగించి, ఒకరు పిడి తిప్పుతుంటే ఇంకొకరు దిగే పట్టీని కోస్తూ రేకు మీద పెడతారు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మానిటోవాక్ ఊరి అల్యూమినియం కంపెనీ మిర్రో పేరుతో చేసిన గొట్టాలు ఇంటింటికీ చేరాయి. వాటిలో మన మరతిప్పుడు గొట్టం పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీ మార్కాటో కంపెనీది ఇరవై బిళ్ళలతో వస్తుంది. పని చేసే తీరు మాత్రం ఈ గొట్టాలన్నిటికీ ఒకటే: మీట ఒకసారి నొక్కినా, పిడి కాస్త తిప్పినా కొంత పిండి బిళ్ళలోంచి దిగి రేకుకు అంటుకుంటుంది, గొట్టం పైకెత్తగానే తెగిపోతుంది.

ఆ తెగడంలోనే కిటుకంతా ఉంది. పిండి బిళ్ళను వదిలి రేకును పట్టుకోవాలి. కాబట్టి రేకుకు నూనె రాయకూడదు, బటర్ పేపరు పరవకూడదు. రేకు చల్లగా ఉండాలి, లేకుంటే తాకగానే వెన్న కరిగి పిండి జారుతుంది. ఓవెన్‌లోంచి తీసిన రేకును ఆరనివ్వకుండా రెండో వాయి పెట్టడం వల్లే చాలామందికి పువ్వులు ముద్దలవుతాయి. పిండిని ఫ్రిజ్‌లో గట్టిపరచకూడదు, అలాగని కారిపోకూడదు. వెన్న మెత్తగా, వేలు నొక్కితే గుంట పడేలా ఉండే వేడి 18 నుంచి 21 డిగ్రీలు. మా ప్రాంతంలో అంత చల్లదనం పొయ్యి వెలిగించకముందు, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లోనే దొరుకుతుంది. కుకీలు ఒత్తేవాళ్ళు మధ్యాహ్నం మొదలుపెట్టి నెత్తి కొట్టుకునే బదులు పొద్దున్నే ఒత్తేసుకోవాలి. ఇంకో అనుకూలత కూడా ఉంది. డెల్టాలో వెన్న అంటే ఎక్కువగా గేదె వెన్నే. ఆవు వెన్న కంటే అది కాస్త ఎక్కువ వేడికి గానీ కరగదు. అచ్చు నిలవడానికి అది సాయపడుతుంది. కాకపోతే ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ నీరు మిగిలి ఉంటుంది. ప్యాకెట్ వెన్నలో నీరు 16 శాతం మించకూడదన్న నియమం ఉంది, ఇంటి వెన్నకు ఏ నియమమూ లేదు. చల్లటి నీళ్ళలో కడిగి, బాగా పిండి, పలుచటి గుడ్డలో ఆరబెట్టాకే వాడాలి.

ఓవెన్ లేనివాళ్ళు, మీట గన్ను కొనడం ఇష్టం లేనివాళ్ళు ఇంట్లో ఉన్న జంతికల గొట్టంతోనే కుకీలు చేసుకోవచ్చు. 200 గ్రాముల వెన్నను 100 గ్రాముల పొడి చక్కెరతో తెల్లబడి నురగలా అయ్యేదాకా గిలకొట్టాలి. ఒక గుడ్డు పచ్చసొన, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి వేసి, 300 గ్రాముల మైదా జల్లించి కలపాలి. సోడా, బేకింగ్ పౌడరు వేయకూడదు. అవి పొంగి గాడులను చెరిపేస్తాయి. నక్షత్రం బిళ్ళ పెట్టి పొడుగు తీగలుగా ఒత్తి, వేలెడు ముక్కలుగా కోసి రేకు మీద పెట్టుకోవచ్చు, రెండు కొసలూ కలిపి చిన్న చుట్టలు చేసుకోవచ్చు. బాపట్ల వైపు ఇసుక నేలల్లో పండే జీడిపప్పు ముక్కను చుట్ట కలిసిన చోట నొక్కితే అతుకు కనబడదు. చిన్న ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు చాలు. ప్రెషర్ కుక్కరులో ఉప్పు పరిచి కాల్చేవాళ్ళు రబ్బరు చట్రం, విజిల్ తీసేసి మరికొంత సేపు ఉంచాలి. క్రిస్మస్ చెట్టు ఆకారం ఈ గొట్టంతో రాదు. వచ్చే తీగ మాత్రం ఆ గన్నులో వచ్చేదానికి రుచిలో ఏమీ తీసిపోదు. ఒక్క జాగ్రత్త: నిన్న కారప్పూస ఒత్తిన గొట్టాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, బిళ్ళ రంధ్రాలను సూదితో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే వెన్న పిండి నింపాలి. ఇంగువ వాసన వెన్నకు చప్పున పడుతుంది.

తిరగేసి చేస్తే మాత్రం కుదరదు. కుకీ ప్రెస్‌ను తయారుచేసింది మెత్తటి వెన్న పిండి కోసం. మన బియ్యప్పిండి దానికి ఎన్నో రెట్లు బిగువు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు ఉత్సాహంగా దాంట్లో జంతికల పిండి నింపితే మీట లోపల ప్లాస్టిక్ పళ్ళు విరిగేది అందుకే. పూర్తిగా లోహంతో చేసినవి కొంత తట్టుకుంటాయి గానీ, ఒక్కో నొక్కుకు గోరంత పిండి దించే పద్ధతి చక్రం చుట్టడానికి పనికిరాదు. జంతికకు తెగని తీగ కావాలి, కుకీకి తెగే ముక్క కావాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళు సూట్‌కేసులో చోటు చేసుకుని మన గొట్టమే తీసుకెళ్ళడం మేలు.

ఇక్కడ ఒక చరిత్ర ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. మా జిల్లాలకు క్రిస్మస్ కొత్తేమీ కాదు. జర్మనీలో పుట్టి, పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున వచ్చిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. స్ప్రిట్జ్ బిస్కెట్లు తినే సమాజాల నుంచే మిషనరీలు వచ్చారు. అయినా రేపల్లెలో, నగరంలో క్రిస్మస్ పళ్ళెంలో ఉండేవి అరిసెలు, కజ్జికాయలు, గవ్వలు, చక్రాలు, గులాబీ పువ్వులు. కారణం నా దృష్టిలో ఇళ్ళలోనే ఉంది. క్రిస్మస్ వచ్చింది, ఓవెన్ రాలేదు. పల్లెటూరి ఇంట్లో ఉన్నవి పొయ్యి, మూకుడు, నూనె. కాబట్టి పండగ మూకుడులోంచే వచ్చింది. సంక్రాంతి పిండివంటలూ క్రిస్మస్ పిండివంటలూ ఒకటే కావడం వల్ల మా ఊళ్ళలో ఒక మంచి జరిగింది. గొట్టం, మూకుడు, బూరెల చట్టి మతం చూడకుండా ఇల్లిల్లూ తిరిగాయి. డిసెంబరులో ఒక వీధికి వెళ్ళిన ఇత్తడి గొట్టం జనవరిలో ఇంకో వీధికి వచ్చేది, దాని వెంట పళ్ళేలూ అటూఇటూ నడిచేవి.

గులాబీ పువ్వుల అచ్చు గురించి రెండు మాటలు. దీంట్లో ఒత్తడం లేదు, ముంచడమే. పొడుగు కడ్డీకి పువ్వు ఆకారం ఇనుప అచ్చు. దాన్ని నూనెలో బాగా కాగనిచ్చి, బియ్యప్పిండి, మైదా, చక్కెర, గుడ్డు, కొబ్బరిపాలు కలిపిన జారు పిండిలో ముప్పాతిక ఎత్తుదాకా ముంచి, తిరిగి నూనెలో పెట్టాలి. పిండి అచ్చు పైఅంచు దాటి ఎక్కిందా, ఇక పువ్వు ఊడదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోదు, మరీ కాగితే చుయ్యిమని జారిపోతుంది. కేరళలో అచ్చప్పం, నార్వేలో, స్వీడన్‌లో రోజెట్ పేరుతో ఇదే పద్ధతి, అక్కడా క్రిస్మస్‌కే. చేతి బలం అక్కరలేని పండగ వంట ఇది. మోకాళ్ళు, మణికట్లు అరిగిన అమ్మమ్మలు ఇప్పటికీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పగలుగుతున్నది దీన్నే.

ఒకప్పుడు జంతికలు ఒంటరి పని కాదు. ఒకరు పిండి కలిపితే ఒకరు ఒత్తేవారు, ఇంకొకరు వేపేవారు. చెయ్యి నొప్పెడితే గొట్టం చేతులు మారేది. ఈ రోజు మా మండలంలో సగం ఇళ్ళల్లో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అట్లాంటిక్ అవతలో ఉన్నారు. వాళ్ళ కోసం చేసే జంతికలను అరవై దాటిన తల్లి ఒక్కతే ఒత్తుతోంది, ఒక్కతే వేపుతోంది, పొట్లం కట్టి కొరియరుకు పంపుతోంది. చేతకానివాళ్ళు స్వగృహ ఫుడ్స్ కొట్టుకు వెళుతున్నారు. ఆ కొట్లను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. వాటి వెనక వంటలో చెయ్యితిరిగిన ఆడవాళ్ళ బతుకుదెరువు ఉంది. అక్కడ కొనేవాళ్ళు అడగవలసింది నూనె సంగతి. పదేపదే కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలిచే సాధనం లేదు, కాని నూనె చిక్కబడటం, పొగ తొందరగా రావడం, నురగ అణగకపోవడం చూస్తే తెలుస్తుంది. పిండివంటల నూనెను మర్నాడు కూరల్లోకి వాడేయచ్చు గానీ, సంక్రాంతికి కాచిన నూనెను శివరాత్రిదాకా దాచడం మంచిది కాదు.

కొనబోయేవాళ్ళకు నా సలహా ఇది. ఇంట్లో ఇద్దరు చేతులు కలిపేవాళ్ళుంటే రెండంగుళాల వెడల్పున్న ఇత్తడి లేదా స్టీలు రెండు ముక్కల గొట్టానికి మించింది లేదు. ఒంటరిగా చేసుకునేవాళ్ళు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు మరతిప్పుడు గొట్టం తీసుకోవాలి. కాకపోతే కొనేముందు మూత గొట్టం గోడకు ఎంత దగ్గరగా ఆనుతోందో వేలితో తడిమి చూడాలి. సందు ఎక్కువుంటే పిండి కిందికి దిగే బదులు పైకి ఎక్కుతుంది. చెక్క గొట్టం చేతికి హాయిగా ఉంటుంది, కాని తడి ఆరకుండా దాచితే బూజు పడుతుంది, పగులుతుంది. అల్యూమినియంది తేలిక, చవక, పిడులు తొందరగా వంగుతాయి. కుకీ ప్రెస్‌ను ఓవెన్ ఉండి, ఇంట్లో పిల్లలుండి, ప్రతి ఏడూ చేసే అలవాటుంటేనే కొనాలి. అప్పుడది పిల్లల చేతికి ఇవ్వదగిన పనిముట్టే. వేడి నూనె దగ్గరికి రానక్కర్లేకుండా ఎనిమిదేళ్ళ పిల్ల తన చేత్తో పండగకు ఏదో ఒకటి చేయగలుగుతుంది. దాని విలువ నేను తగ్గించను.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ ఇంజినీరింగు కళాశాల, ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల కూడా అదే ఊళ్ళో ఉన్నాయి. అక్కడి విద్యార్థులకు ఇది ఒక ఏడాది ప్రాజెక్టుకు సరిపడే పని. రెండు పిడుల మీద ఎంత బలం పడుతోందో నాలుగైదు రకాల పిండితో, మూడు బిళ్ళలతో కొలవాలి. గట్టు మీద ఒకసారి, మోకాలి ఎత్తు బల్ల మీద ఒకసారి కొలవాలి. ఇరవై ఏళ్ళ అమ్మాయి చేతితోనూ, అరవై అయిదేళ్ళ పెద్దావిడ చేతితోనూ కొలవాలి. ఆ అంకెలు చేతికొస్తే గొట్టం వెడల్పు, పిడి పొడవు, మర బిగువు ఎంతుండాలో సామాన్లు చేసేవాళ్ళకు చెప్పవచ్చు, గొట్టం మీద ఆ కొలత ముద్రించమని అడగవచ్చు. ఈలోగా ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చే కొడుకులు, అల్లుళ్ళు, కూతుళ్ళు రెండు రోజులు ముందుగా వస్తే బాగుంటుంది. పిండి కలిపే రోజుకు వచ్చి, గొట్టం తమ చేతుల్లోకి తీసుకోవాలి.